పడవల గొలుసు



గాజులరామారం గుట్టల్లో రాయి కొట్టినవాళ్లకు బరువంటే ఏమిటో ఎవరూ నేర్పనక్కర్లేదు. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న రాతి దిమ్మె సుమారు 75 కిలోలు తూగుతుంది. ఆ దిమ్మెను నేల మీద గుంజాలంటే ఇద్దరు మనుషులు కావాలి. కింద రెండు ఇనప పైపులు వేసి దొర్లిస్తే ఒక్కరు చాలు. అదే దిమ్మెను పడవలో పెట్టి, నీళ్ల మీద తాడుతో గుంజితే? పదేళ్ల పిల్ల కూడా గుంజుతుంది. మెల్లగా కదులుతుంది గానీ కదులుతుంది.

ఇవాళ్టి మాట ఆ తాడు గురించే.

ఇల్లు కట్టేచోట గోడలు తడపటానికి నీళ్లు నింపే తొట్టి ఇక్కడ ఉంది. అందులో ఒక బొమ్మ పడవ ఉంది. పిల్లల బొమ్మల దుకాణంలో దొరికేదే. దాని వెనుక నాలుగు థర్మోకోల్ పెట్టెలు ఉన్నాయి. ఒకదాని వెనుక ఒకటిగా దారంతో కట్టి ఉన్నాయి. పెట్టెల్లో గులకరాళ్లు ఉన్నాయి. బొమ్మ పడవ ఇంజను అనుకోండి. పెట్టెలు బార్జీలు అనుకోండి. బార్జీ అంటే అడుగు చదునుగా ఉండే సరుకుల పడవ. చాలా బార్జీలకు సొంత ఇంజను ఉండదు. ఇంకో పడవ దాన్ని గుంజాలి, లేదా నెట్టాలి.

రిమోటు ఎవరైనా పట్టుకోండి. పెద్దమ్మా, మీరు పట్టుకోండి. భయం లేదు, కరెంటు కొట్టదు. లోపల ఉన్నవి గోడ గడియారంలో వేసే సెల్లులే.

మీట నొక్కగానే రిమోటులో నుంచి రేడియో తరంగాలు బయలుదేరతాయి. అవి కంటికి కనపడవు. పడవలో ఒక చిన్న పెట్టె వాటిని అందుకుంటుంది. ముందుకు అంటే మోటారు ముందుకు తిప్పుతుంది. ఎడమకు అంటే ఎడమకు తిప్పుతుంది. రేడియోలో పాట వినపడేది కూడా ఇలాంటి తరంగాలతోనే. కానీ ఈ తరంగాలు నీళ్లలో ఎక్కువ దూరం పోలేవు. అందుకే పడవ మీద ఆ సన్నని తీగ నీళ్లకు పైన నిలబడి ఉంటుంది.

ఇది కొత్తగా వచ్చిన వింత కాదు. 1898లో అమెరికాలోని న్యూయార్కు నగరంలో నికొలా టెస్లా అనే శాస్త్రజ్ఞుడు ఒక చిన్న ఇనప పడవను తొట్టిలో పెట్టి, తీగ లేకుండా దూరం నుంచి నడిపి చూపాడు. అప్పటికి ఇళ్లల్లో రేడియోలే లేవు. చూసినవాళ్లు నమ్మలేకపోయారు. ఇప్పుడు అదే పని చేసే బొమ్మ బజారులో దొరుకుతున్నది.

సెంటీమీటరుకు ఎంత?

పడవను గుంజే ముందు అందులో ఎంత బరువు ఉందో తెలియాలి. దానికి తూకం రాళ్లు అక్కర్లేదు. ఒక స్కేలు చాలు.

ఈ పెట్టె 30 సెంటీమీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పు ఉంది. 30ని 20తో హెచ్చవేస్తే 600. అంటే ఈ పెట్టె ఒక సెంటీమీటరు లోతు దిగితే 600 గ్రాముల నీళ్లను పక్కకు నెట్టిందన్నమాట. అంటే లోపల 600 గ్రాముల బరువు పడింది. రెండు సెంటీమీటర్లు దిగితే 1200 గ్రాములు. పెట్టె పక్కన పెన్నుతో గీతలు గీసి ఉన్నాయి. 1, 2, 3 అని అంకెలు వేసి ఉన్నాయి. నీళ్లు ఏ అంకె దగ్గర ఉన్నాయో చదివితే బరువు తెలిసిపోతుంది.

నిజమైన బార్జీకి కూడా ఇదే లెక్క. 20 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు ఉన్న చదును పడవ అనుకోండి. అది ఒక సెంటీమీటరు దిగితే అందులో ఒక టన్ను పడినట్టు. బొటనవేలి గోరు వెడల్పు దిగితే వెయ్యి కిలోలు! 50 సెంటీమీటర్లు దిగితే 50 టన్నులు. పెద్ద ఓడలకు, బార్జీలకు పక్కన గీతలు, అంకెలు రాసి ఉండేది అందుకే. ఆ గీత మునిగితే పడవ బయలుదేరకూడదు. సరుకు తెచ్చినవాడు "ఇంకొక్క బస్తా" అంటాడు. టిక్కెట్లు అమ్మేవాడు "ఇంకొక్క మనిషి" అంటాడు. గీత ఎవరి మాటా వినదు.

బరువు ఎంత అన్నది ఒక్కటే కాదు, ఎక్కడ ఉన్నది అన్నది కూడా చూడాలి. ఒక పెట్టెలో రాళ్లన్నీ ఒక పక్కకు జరిపి చూడండి. పెట్టె ఒరిగింది. ఒరగగానే రాళ్లు ఇంకొంచెం ఆ పక్కకే జారతాయి. జారితే ఇంకా ఒరుగుతుంది. ఇక ఆపటం ఎవరి వల్లా కాదు.

హైదరాబాదులో ఈ పాఠం చాలా ఖరీదు పెట్టి నేర్చుకోవాల్సి వచ్చింది. హుస్సేన్ సాగర్ నడుమ ఉన్న బుద్ధ విగ్రహం అందరూ చూసిందే. అది ఒకే రాయితో చెక్కిన విగ్రహం. భువనగిరి దగ్గర రాయగిరిలో తీసిన రాయి. 58 అడుగుల ఎత్తు. 300 టన్నులకు పైబడిన బరువు. గుట్ట నుంచి చెరువు దాకా చాలా చక్రాల బండి మీద రోడ్డు వెంట క్షేమంగానే తెచ్చారు. రోడ్డు మీద అరవై కిలోమీటర్లు రాగలిగింది గానీ, నీళ్ల మీద ఆ కొద్ది దూరం పోలేకపోయింది. 1990 మార్చిలో బార్జీ మీద తీసుకుపోతుండగా బార్జీ ఒరిగింది. విగ్రహం జారి చెరువులో పడింది. దానితో పాటు పనివాళ్లు కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. విగ్రహం రెండేళ్లకు పైగా నీళ్ల అడుగున పడుకుని ఉంది. 1992 డిసెంబరులో దాన్ని పైకి తీసి నిలబెట్టారు. ఇప్పుడు సెలవు రోజున పడవెక్కి పోయి, ఫొటోలు దిగి వస్తారు. చనిపోయినవాళ్ల సంగతి ఎక్కువమందికి గుర్తు లేదు.

గట్టు మీద నడిచిన కాళ్లు

మన రాయి దేశంలో పడవలు తక్కువ. చెరువుల్లో చేపలు పట్టేవాళ్ల పుట్టీలు, తెప్పలు తప్ప పెద్ద పడవ కనపడదు. కానీ గోదావరి, కృష్ణ కిందికి పోయి సముద్రంలో కలిసేచోట సంగతి వేరు. అక్కడ వంద సంవత్సరాలకు పైగా సరుకు కాలువల మీద నడిచింది.

ధవళేశ్వరం దగ్గర గోదావరి ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఆర్థర్ కాటన్ అనే ఇంజనీరు కట్టించాడు. తరువాత బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట వచ్చింది. అక్కడి నుంచి తవ్విన కాలువలకు రెండు పనులు. ఒకటి పొలాలకు నీళ్లు ఇవ్వటం. రెండు పడవలను నడపటం. ఏలూరు కాలువ గోదావరిని, కృష్ణను కలిపింది. కృష్ణ నుంచి కొమ్మమూరు కాలువ పెదగంజాం దాకా పోయింది. అక్కడ బకింగ్‌హామ్ కాలువ అందుకుంది. అది సముద్రం ఒడ్డునే మద్రాసు దాటి, మరక్కాణం దాకా సాగింది. ఆ ఒక్క కాలువే 420 కిలోమీటర్లు. 1806లో మద్రాసులో చిన్నగా మొదలైంది. 1877, 78 సంవత్సరాల పెద్ద కరువులో ఆకలితో ఉన్న జనానికి కూలిపని పెట్టి మద్రాసు నగరంలో మిగిలిన ముక్క తవ్వించారు. అప్పటి మద్రాసు గవర్నరు పేరు దానికి పెట్టారు. తవ్వినవాళ్ల పేర్లు పెట్టాలంటే ఎంత పొడుగు బోర్డు కావాలో!

ఆ కాలువల మీద బియ్యం, ఉప్పు, కట్టెలు పోయేవి. మద్రాసు పొయ్యిల్లో మండిన కట్టెల్లో చాలాభాగం తెలుగు జిల్లాల నుంచి పడవ మీద పోయినవే. నేల ఎత్తుపల్లాలు ఉన్నచోట లాకులు కట్టారు. లాకు అంటే రెండు తలుపుల నీళ్ల గది. పడవ లోపలికి రాగానే వెనుక తలుపు మూస్తారు. నీళ్లు నింపితే పడవ పైకి లేస్తుంది. నీళ్లు వదిలితే కిందికి దిగుతుంది. తరువాత ముందు తలుపు తీస్తారు. పడవ మెట్లు ఎక్కినట్టు ఎక్కుతుంది, దిగినట్టు దిగుతుంది.

మరి ఆ పడవలను ఎవరు నడిపారు? గాలి ఉంటే తెరచాప నడిపింది. గాలి లేకపోతే గెడకర్ర. గెడకర్ర కూడా చాలకపోతే తాడు. పడవకు పొడుగాటి తాడు కట్టి, ఇద్దరు ముగ్గురు మనుషులు ఆ కొసను ఎదకో భుజానికో వేసుకుని, కాలువ గట్టు మీద ముందుకు వంగి నడిచేవాళ్లు. ఎండలో, వానలో, బురదలో, రాత్రి పూట. పడవ లోపల సరుకు క్షేమంగా పోయేది. గట్టు మీద మనిషి అరికాళ్లు పగిలేవి. ఇంగ్లండులో ఇదే పని గుర్రాలు చేసేవి. అక్కడ ఒక్క గుర్రం 25, 30 టన్నుల సరుకున్న పడవను గుంజేది. రోడ్డు మీద అదే గుర్రం బండిలో ఒకటి రెండు టన్నులే గుంజగలదు. నీళ్ల మీద ఉన్న సుఖం అది. మన దగ్గర ఆ గుర్రం స్థానంలో మనిషి ఉన్నాడు.

తరువాత లారీలు వచ్చాయి. కాలువల్లో పూడిక పేరుకుంది. 1965, 1966 తుపాన్లు బకింగ్‌హామ్ కాలువను దెబ్బ తీశాయి. పడవలు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. 2008లో కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఉన్న ఈ కాలువలను, వాటితో పాటు గోదావరి, కృష్ణలలో కొంత భాగాన్ని కలిపి నాలుగో జాతీయ జలమార్గం అని కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. పడవలు మళ్లీ నడిస్తే ఈసారి మనిషి భుజం మీద తాడు ఉండదు. ముందు ఇంజను పడవ, వెనుక బార్జీలు ఉంటాయి. ఇప్పుడు తొట్టిలో ఉన్నట్టే.

తాడు ఎక్కడ కట్టాలి?

పెద్దమ్మా, ముందుకు నడపండి. ఆపండి. చూశారా, ఏమి జరిగిందో? ముందు మొదటి దారం బిగిసింది, తరువాత రెండోది, తరువాత మూడోది. గూడ్సు రైలు కదిలేటప్పుడు డబ్బాలు ఒకదాని తరువాత ఒకటి టకటక మంటాయి కదా, అట్లా. ఒక్కసారిగా వేగం పెంచితే మొదటి దారం పుటుక్కున తెగుతుంది. మొదటిదే ఎందుకు తెగుతుంది? లెక్క వేయండి. చివరి దారం ఒక్క పెట్టెనే గుంజుతుంది. దాని ముందుది రెండింటిని గుంజుతుంది. దాని ముందుది మూడింటిని. మొదటిది నాలుగింటినీ గుంజుతుంది. అందుకే మొదటి తాడు అన్నింటికన్నా లావుగా ఉండాలి. మెల్లగా తాడు బిగించుకుని, బరువు తెలిసిన తరువాతే వేగం పెంచాలి.

ఇప్పుడు ఎడమకు తిప్పండి. తిరుగుతలేదు. ఎందుకు తిరుగుతలేదు? దారం పడవ తోకకు కట్టి ఉంది. పడవ తిరగాలంటే తోక పక్కకు జరగాలి. వెనుక బరువు ఆ తోకను జరగనివ్వదు. దారాన్ని విప్పి, పడవ నడుమకు కొంచెం వెనుకగా కట్టి చూడండి. ఇప్పుడు తిరిగింది. అసలు గుంజుడు పడవల్లో కూడా కొక్కెం తోక మీద ఉండదు. నడుమకు దగ్గరగా ఉంటుంది.

కానీ దానిలో ఒక ప్రమాదం ఉంది. ఇంజను పడవ ఆగి, వెనుక బార్జీలు ఆగకుండా పక్కనుంచి ముందుకు పోయాయనుకోండి. అప్పుడు తాడు పడవను అడ్డంగా గుంజుతుంది. అడ్డంగా గుంజితే పడవ బోల్తా పడుతుంది. పెద్ద పెద్ద ఇంజను పడవలు కూడా ఇట్లా క్షణాల్లో తిరగబడ్డాయి. గుంజేవాడిని గుంజబడేది ముంచింది. అందుకే ఆ కొక్కేన్ని ఒక్క దెబ్బతో విడిపించే ఏర్పాటు ఉండాలి. అది పని చేస్తున్నదో లేదో బయలుదేరే ముందే చూడాలి.

ఇంకో సంగతి. పెట్టెలు తిన్నగా రాకుండా పాము తోకలాగా అటూ ఇటూ ఊగుతున్నాయి. దీన్ని పతంగి ఎగరేసే పోరగాళ్లు వెంటనే పట్టేస్తారు. పతంగికి ఒక్కచోట దారం కడితే గిరగిరా తిరుగుతుంది. కన్నాలు కడితే నిలబడుతుంది. బార్జీకి కూడా కన్నాలు కట్టాలి. ముందు రెండు మూలల నుంచి రెండు తాళ్లు తెచ్చి, నడుమ కలిపి, అక్కడ నుంచి ఒక తాడు ముందుకు కట్టాలి. బరువు కొంచెం వెనుకకు జరపాలి. ముందు మూతి బరువైతే బార్జీ తిన్నగా రాదు. వెనుక బరువైతే దారికి వస్తుంది. ఈ రెండూ చేసి చూడండి. తేడా మీకే కనపడుతుంది.

సముద్రంలో తాడు పొడుగ్గా వదులుతారు. అలలకు పడవలు లేచి పడుతుంటాయి, పొడుగు తాడు ఆ కుదుపును మింగుతుంది. కాలువలో అట్లా వదిలితే వంపు దగ్గర బార్జీలు గట్టుకు గుద్దుకుంటాయి. అక్కడ పొట్టి తాడే మేలు. లండను నగరం థేమ్స్ నదిలో ఒక ఇంజను పడవ వెనుక ఆరు దాకా బార్జీలు గొలుసుగా పోయేవి. బ్రహ్మపుత్రలో ఆవిరి పడవలు బార్జీలను వెనుక కాకుండా పక్కన కట్టుకుని పోయేవి. అమెరికాలో మిసిసిపి నదిలో అయితే గుంజటమే లేదు, నెట్టటమే. మూడు వరుసల్లో ఐదేసి చొప్పున 15 బార్జీలను ఇనప తాళ్లతో బిగించి, వెనుక నుంచి ఒక్క పడవ నెడుతుంది. ఒక్కో బార్జీలో సుమారు 1,400 టన్నుల సరుకు. గాజులరామారం రోడ్డు మీద అంత సరుకు పోవాలంటే ఎన్ని లారీలు బారు తీరాలో లెక్క వేయండి. లారీకి 20 టన్నులు అనుకుంటే, వెయ్యికి పైగా వస్తుంది.

బొమ్మ చెప్పే అబద్ధం

తమ్మీ, మీట వదిలెయ్యి. పడవ ఆగింది. పెట్టెలు గజం దూరం కూడా పోలేదు, అవీ ఆగాయి. చూస్తే ఎంత సులువు! ఇక్కడే బొమ్మ అబద్ధం చెబుతున్నది. నిజమైన బార్జీల గొలుసు ఇట్లా ఆగదు. మిసిసిపిలో ఆ 15 బార్జీలు ఆగటానికి కిలోమీటరుకు పైగా పడుతుంది. పడవకు బ్రేకు లేదు.

బొమ్మకు, నిజానికి ఈ తేడా ఎందుకు? పిల్లల పాచికల్లాంటి చిన్న ఘనాలు ఎనిమిది తీసుకోండి. పేర్చితే ఒక పెద్ద ఘనం అవుతుంది. దాని పొడవు రెండింతలే. కానీ ఒక పక్క చూస్తే నాలుగు ముఖాలు కనపడతాయి. బరువు ఎనిమిదింతలు. అంటే వస్తువు పెద్దదయ్యే కొద్దీ, నీళ్లు తాకే చోటు కన్నా బరువు ఎక్కువగా పెరుగుతుంది. ఆపేది నీళ్లు. ఆగనిది బరువు. అందుకే చిన్నది తొందరగా ఆగుతుంది. పెద్దది ఆగదు.

విలియం ఫ్రూడ్ అనే ఇంగ్లండు ఇంజనీరు 1870ల్లో పొడుగాటి తొట్టి కట్టించి, బొమ్మ ఓడలను గుంజి చూసి ఈ లెక్క తేల్చాడు. అసలు ఓడలో 25వ వంతు పొడవున్న బొమ్మను అసలు వేగంతో నడపకూడదు. అయిదో వంతు వేగంతో నడపాలి. ఎందుకంటే 5 అయిదులు 25. అప్పుడే బొమ్మ లేపే అలలు అసలు ఓడ అలలను పోలి ఉంటాయి. మరి బరువు? 25ను 25తో, మళ్లీ 25తో హెచ్చవేస్తే 15,625. ఒక టన్ను బొమ్మ 15,625 టన్నుల ఓడకు సాటి.

ఇప్పటికీ ఓడలు కట్టే ముందు ఇట్లాగే చేస్తారు. విశాఖపట్నంలో నౌకాదళానికి పనిచేసే పరిశోధన సంస్థలో అర కిలోమీటరు పొడవున్న తొట్టి ఉంది. అందులో బొమ్మ ఓడలను గుంజి, ఎంత బలం పడుతుందో కొలుస్తారు. ఫ్రాన్సు దేశంలో పోర్ట్ రెవెల్ అనేచోట ఒక చెరువు ఉంది. అక్కడ 1967 నుంచి పెద్ద ఓడల కెప్టెన్లు వచ్చి, 25వ వంతు పొడవున్న చిన్న ఓడల్లో కూర్చుని నడపటం నేర్చుకుంటున్నారు. నెరసిన జుట్టు పెద్దమనుషులు బొమ్మ ఓడల్లో కూర్చుని చెరువంతా తిరుగుతారు. చూసేవాళ్లకు నవ్వొస్తుంది. కానీ అక్కడ గుద్దితే పోయేది కొంచెం రంగు. సముద్రంలో గుద్దితే పోయేది ప్రాణాలు.

తాడు ఊడితే

2024 సెప్టెంబరు 1న విజయవాడలో కృష్ణ పొంగింది. ప్రకాశం బ్యారేజీకి పదకొండు లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. ఎగువన కట్టి ఉన్న పెద్ద ఇనప పడవలు కొన్ని ఊడి వరదలో కొట్టుకొచ్చాయి. బ్యారేజీని గుద్దుకున్నాయి. గేట్లను లేపటానికి, దించటానికి సాయపడే కాంక్రీటు ఎదురుబరువులు దెబ్బతిన్నాయి. వాటిలో మూడు పడవలు ఒకదానికొకటి తాడుతో కట్టి ఉన్నాయని అధికారులు చెప్పారు. ఒక్కో పడవ 40 టన్నుల దాకా ఉంటుంది. మూడు కలిస్తే 120 టన్నులు. విడిగా వస్తే ఒక దెబ్బ. కలిసి వస్తే పెద్ద దెబ్బ. గొలుసుకు ముందు ఇంజను లేకపోతే నదే ఇంజను అవుతుంది.

వాటిని తీయటం ఇంకా పెద్ద కథ. రెండు పెద్ద క్రేన్లు పెట్టి లేపబోతే కదల్లేదు. నీళ్లలో మునిగే పనివాళ్లు వచ్చి, అడుగున ఇనుము కోయబోయారు. అదీ రోజుల తరబడి సాగింది. చివరికి కాకినాడ నుంచి వచ్చిన పడవ పనివాళ్లు ఒక ఉపాయం చేశారు. రెండు పడవలను పక్కపక్కన నిలిపి, పైన ఇనప దూలాలు వేసి కలిపారు. మునిగిన పడవను ఆ దూలాలకు వేలాడదీశారు. నీళ్లే బరువు మోశాయి. అట్లా మెల్లగా ఎగువకు గుంజుకుపోయారు. క్రేను చేయలేని పని నీళ్ల చేత చేయించారు. ఆ పనివాళ్లలో చాలామంది తాతలనాటి నుంచి ఏట్లో బతికినవాళ్లే.

జీడిమెట్ల ఫ్యాక్టరీల్లో, రాళ్ల గనుల్లో పనిచేసేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. బిగిసిన తాడు ఎప్పుడైనా తెగవచ్చు. నైలాను తాడు రబ్బరులా సాగుతుంది. తెగితే కొరడాలా వెనక్కి వస్తుంది. ఆ దెబ్బకు కాళ్లు విరిగినవాళ్లు, కళ్లు పోయినవాళ్లు, ప్రాణాలు పోయినవాళ్లు ఓడరేవుల్లో ఉన్నారు. క్రేను గొలుసు అయినా, లారీని గుంజే తాడు అయినా ఇదే. బిగిసిన తాడుకు వరసలో నిలబడకూడదు. తాడును దాటకూడదు. తాడు చుట్టలో కాలు పెట్టకూడదు. "ఏం కాదులే" అనే మేస్త్రీకి కూడా ఈ మాట చెప్పాలి. చెబితే కోపం వస్తుంది. రానివ్వండి.

ఇది మనకెందుకు, గాజులరామారంలో ఏరు లేదు కదా అనవచ్చు. 2020 అక్టోబరు గుర్తు తెచ్చుకోండి. పక్కనే ఫాక్స్ సాగర్ నిండి పొంగింది. కింద ఉన్న కాలనీల ఇళ్లల్లోకి నీళ్లు వచ్చాయి. జనాన్ని పడవల్లో బయటికి తెచ్చారు. వీధిలో పడవ నడవాల్సి వచ్చిన రోజు ఎవరూ అనుకుని ఉండరు. అట్లాంటి రోజు మళ్లీ వస్తే, ఒక పడవ వెనుక ఇంకో పడవ కట్టాల్సి రావచ్చు. పడవ దొరకకపోతే గాలి నింపిన లారీ ట్యూబులు, మూత బిగించిన నీళ్ల డ్రమ్ములు కట్టి తెప్ప చేయాల్సి రావచ్చు. అప్పుడు ముసలివాళ్లను, పసిపిల్లలను మొదటి దాంట్లో కూర్చోబెట్టాలి. చివరి దాంట్లో కాదు. వీధి మలుపు దగ్గర తోక గోడకు గుద్దుకుంటుంది. తాడును మనిషి నడుముకు కట్టుకోకూడదు, చేతికి చుట్టుకోకూడదు. తాడు ఎక్కడన్నా చిక్కుకుంటే నీళ్లు మనిషిని కిందికి తొక్కుతాయి. మ్యాన్‌హోలు మూతలు ఊడి ఉండవచ్చు. ముందు నడిచే మనిషి చేతిలో కర్ర ఉండాలి. పొడిచి చూసుకుంటూ అడుగు వేయాలి.

ముడి సంగతి పశువులున్న ఇళ్లవాళ్లకు తెలుసు. గొడ్డును గుంజకు కట్టే ముడి వేయాలి. గొడ్డు ఎంత గుంజినా అది ఊడదు. మనిషి కొస పట్టి ఒక్కసారి లాగితే ఊడుతుంది. గట్టి ముడి వేసి, దాన్ని విప్పటానికి కత్తి వెతుక్కునే పరిస్థితి రాకూడదు.

పిల్లల తల్లులకు ఒక మాట. ఈ బొమ్మ పడవను తొట్టిలోనే ఆడించాలి. చెరువుకు, రాయి తీసిన గుంతలకు తీసుకుపోకూడదు. గుంతల అంచు మెట్లు లేకుండా నిలువుగా ఉంటుంది. అడుగు పెడితే నేల తగలదు. సెల్లు అయిపోయి పడవ నడిమధ్యన ఆగితే, దాని కోసం పిల్లవాడు దిగుతాడు. అందుకే ఈ బొమ్మకు వెనుక ఇంకో సన్నని దారం కట్టి ఉంది. దాని కొస గట్టు మీద రాయికి ఉంది.

పెద్దమ్మా, ఇక కొక్కెం విడిపించి చూడండి. బొమ్మ పడవ తేలికై ముందుకు ఉరికింది. పెట్టెలు నడుమనే నిలిచాయి. ఆ సన్నని దారం పట్టి మెల్లగా దగ్గరికి గుంజండి. రాళ్లు తీసి, తడి తుడిచి, రిమోటులో నుంచి సెల్లులు బయట పెట్టండి. లోపలే ఉంచితే కారి, రిమోటు పాడవుతుంది. వచ్చే వారం తమ్ముళ్లు రెండు అడుగుల స్కేలు తెస్తారు. ఎవరి పెట్టె వాళ్లు కొలిచి, గీతలు గీసి, అంకెలు వేయాలి.